ఎంవీపీ కాలనీ ఇంటిని అద్దె నిర్వహణ సంస్థకు అప్పగించిన ఇరవై రెండు నెలలు

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అమ్మానాన్నలు కట్టుకున్న ఇల్లు ఉంది. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. నాన్నగారు పోయాక అమ్మ హైదరాబాద్‌లో మా దగ్గరకు వచ్చేసింది. రెండు పోర్షన్లూ అద్దెకిచ్చి, మూడేళ్లపాటు ఫోన్ల మీదే నెట్టుకొచ్చి, చివరకు విశాఖలోనే పనిచేసే ఒక అద్దె ఇళ్ల నిర్వహణ సంస్థకు అప్పగించాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇటువంటి సంస్థ దేనితో మాట్లాడినా యజమాని అడిగి తెలుసుకోవలసినవి ఈ కింద రాసినవే కనుక, ఇక్కడ పేరు కంటే పనితీరే ముఖ్యమని నా అభిప్రాయం.

అద్దెకు మనుషులను కుదిర్చినందుకు పదిహేను రోజుల అద్దె, ఆపైన ప్రతి నెలా అద్దెలో 8 శాతం తీసుకుంటారు. రెండు పోర్షన్లకూ కలిపి నెలకు 30,000 రూపాయలు వస్తుంది కాబట్టి నేను చెల్లించేది 2,400.

ఆ డబ్బుకు పూర్తి న్యాయం జరిగింది ఇల్లు అప్పగించే రోజున. వారి మనిషి ఒక అచ్చు ఫారంతో వచ్చి, అద్దెకు దిగుతున్నవారిని పక్కన ఉంచుకునే ప్రతి గదీ తిరిగాడు. ప్రతి కుళాయీ విప్పి చూశాడు, ఫ్యాన్లు వేశాడు, తలుపుల గడియలు, కిటికీల దోమ తెరలు, వంటగది గట్టు ఒక్కొక్కటిగా పరిశీలించి ఏది ఏ స్థితిలో ఉందో రాశాడు. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీశాడు, ఎన్ని తాళం చెవులు ఇచ్చారో లెక్క రాశాడు, మొత్తం ఇంటిని వీడియో తీసి ఇద్దరికీ పంపాడు. రెండు ప్రతుల మీద సంతకాలు అయ్యాకే తాళాలు చేతులు మారాయి. మూడేళ్లలో నేను ఒక్కసారి కూడా ఈ పని చేయలేదు. అందుకే వంటగట్టు రాయి పగిలిందని ఒకరి అడ్వాన్సులో 9,000 పట్టుకున్నప్పుడు, తాము దిగేనాటికే అది పగిలి ఉందని వారన్నారు. నా మాట నిజమని చూపడానికి నా దగ్గర ఏమీ లేదు. డబ్బు తిరిగి ఇచ్చేశాను కానీ ఇరువైపులా మనసు కష్టపెట్టుకునే విడిపోయాం.

కిందటి జూన్‌లో పై పోర్షన్ ఖాళీ అయినప్పుడు అదే ఫారం పెట్టుకుని పోల్చారు. పగిలిన వాష్‌బేసిన్‌కు, ఊడిన అల్మరా తలుపుకు కలిపి 3,200 తగ్గించారు. బాల్కనీ గ్రిల్లు తుప్పుకు, సముద్రం వైపు గోడ మీద రంగు పొక్కులకు మాత్రం ఒక్క రూపాయి కూడా పట్టుకోనివ్వలేదు. నాకు మొదట కోపం వచ్చిన మాట నిజమే, ఆలోచిస్తే వారిదే సబబు. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే చెబుతోంది. ఉప్పు గాలి ఇనుమును తినడం అద్దెదారు చేసిన తప్పు కాదు. తీరం దగ్గర ఇల్లున్న యజమాని గ్రిల్లుల రంగుకు, ఏసీ బయటి యూనిట్‌కు అయ్యే ఖర్చును ఏటేటా అద్దెలోంచే తీసి పక్కన పెట్టుకోవాలి.

సంస్థ నన్ను నిరాశపరచింది మరమ్మతుల విషయంలో. 2,000 లోపు పనులను నన్ను అడగకుండానే చేయించవచ్చని ఒప్పందంలో ఉంది. ఒకే వారంలో మోటారు పనికి 1,900, 1,750, 1,600 చొప్పున మూడు బిల్లులు వచ్చాయి. అది ఒకే పని అని, అడగవలసిన అవసరం రాకుండా విడగొట్టారని నేను గట్టిగా నమ్ముతున్నాను. అంతకంటే బాధ కలిగించింది స్నానాల గది స్లాబు. పెచ్చులూడుతున్నాయని అద్దెదారులు జూలైలో చెబితే, పైపైన పుట్టీ పెట్టి సున్నం వేయించి పని ముగిసిందన్నారు. నవంబరు వానలకు మళ్లీ ఊడింది. పై పోర్షన్ ఆవిడ నా నంబరు ఎలాగో సంపాదించి ఫోన్ చేశారు: "సార్, పాప స్నానం చేస్తుంటే పైనుంచి పెచ్చు పడిందండీ. కాస్తలో తప్పింది. జూలైలోనే చెప్పాం, మీదాకా రాలేదా?" రాలేదు. స్లాబు లోపలి ఇనుప ఊచ తుప్పుపట్టి ఉబ్బితే కాంక్రీటు పగిలి రాలుతుంది, ఊచను శుభ్రం చేయకుండా పైన ఏది పూసినా నిలవదు. మరుసటి వారం నేనే వెళ్లి, వదులైన కాంక్రీటు కొట్టించి, ఊచలు గీకించి, తుప్పు నిరోధక పూత వేయించి, మళ్లీ పూడ్పించాను. 14,000 అయింది. సంస్థతో మాట్లాడితే రెండు నెలల ఫీజు వదులుకున్నారు.

ఆ తరువాత ఒప్పందం మార్పించాను. 2,000 పరిమితి ఒక్కో బిల్లుకు కాక నెల మొత్తానికి వర్తిస్తుంది. పనికి ముందూ తరువాతా ఫొటోలు పంపాలి. నా ఫోన్ నంబరు అద్దెదారుల ఒప్పందంలోనే ఉండాలి. యజమానికీ అద్దెదారుకూ మధ్య గోడ కట్టడమే తమ సేవ అన్నట్టు మొదట్లో చెప్పారు. ఆ గోడ మీదుగా కబురు దాటదని పాపకు ప్రమాదం తప్పాక తెలిసింది.

పత్రాల పని మొత్తం మీద బాగుంది. అద్దె ఒప్పందాన్ని అందరిలాగే పదకొండు నెలలకు రాస్తారు. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించనివ్వరు. కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు పెట్టిన హద్దు అదే. ఇల్లు చూడటానికి వెళ్లేముందు ఒక రోజు ముందుగా మెసేజ్ పెడతారు. అయితే వారి ముసాయిదాలో ఖాళీ చేయడానికి ఎంత గడువో రాయలేదు. ఏమీ రాయకపోతే నెలవారీ అద్దెకు చట్టం ఇచ్చే గడువు పదిహేను రోజులే. బడికి వెళ్లే పిల్లలున్న ఇంటికి అది చాలదు, కొత్తవారిని వెతుక్కోవడానికి నాకూ చాలదు. ఇరువైపులా రెండు నెలలని చేర్పించాను.

లెక్కలు ప్రతి నెలా పదో తేదీలోగా వస్తాయి. మొదటి ఏడాది జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటి పన్నును ఏప్రిల్‌లోనే కట్టి 5 శాతం రాయితీ తెచ్చారు, రెండో ఏడాది నేను గుర్తు చేయవలసి వచ్చింది. ఆదాయపు పన్నులో కట్టిన ఇంటి పన్ను పోగా మిగిలినదానిపై 30 శాతం మినహాయింపు ఖర్చుతో పనిలేకుండా వస్తుంది కాబట్టి, మరమ్మతుల బిల్లులు పన్ను తగ్గించవు. వాటిని నేను దాచుకునేది సంస్థను ప్రశ్నించడానికే.

అయిదుకు మూడున్నర ఇస్తాను. మారిన షరతులతో మరో పదకొండు నెలలు పొడిగించాను. ఊళ్లోనే ఉండే యజమానికి నెలనెలా 8 శాతం ఇవ్వవలసిన అవసరం నాకు కనిపించలేదు. ఇల్లు అప్పగించే రోజు తనిఖీని మాత్రం విడిగా 2,500కు చేస్తారు. సీతమ్మధారలో ఉన్న మా పిన్నికి అది చాలని చెప్పాను. ఈ నెలలో కొత్తవాళ్లు దిగేముందు ఆవిడ ఆ ఒక్క పనీ చేయించుకుని, ఫారం నకలును ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టుకున్నారు.