కాలవ నీళ్లకూ బోరు నీళ్లకూ ఒకటే ఆర్వో మిషను: చాన్నాళ్ల వాడకం మీద

తీర్పు ముందే చెప్పేస్తాను. గోదావరి డెల్టా తీరంలో సఖినేటిపల్లి, అల్లవరం, ఉప్పలగుప్తం, మొగల్తూరు వైపు ఉప్పు బోరు తప్ప గతి లేని ఇంటికి ఆర్వో (నీటిని సన్నటి పొర గుండా నెట్టి ఉప్పు తీసే మిషను) కావాల్సిందే. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నీరు పంచాయతీ కుళాయిలో సక్రమంగా అందే ఇంటికి మాత్రం అది దండగ ఖర్చు. అక్కడ స్పన్ క్యాండిలు (బురదను ఆపే దారపు గొట్టం), యూఎఫ్ (క్రిములను ఆపే సన్న జల్లెడ), యూవీ (క్రిములను చంపే దీపం) ఉంటే సరిపోతుంది.

మిషను గోడకు తగిలించే అసెంబుల్డ్ రకం. బయట 10 అంగుళాల గిన్నెలో స్పన్ క్యాండిలు, లోపల సెడిమెంటు, కార్బన్ ఫిల్టర్లు, 75 జీపీడీ (రోజుకు 75 గ్యాలన్ల) మెంబ్రేను, అంటే ఉప్పును ఆపే పొర, యూవీ దీపం ఉన్నాయి. కుళాయికీ బోరుకీ చెరో వాల్వు పెట్టి, కావాల్సినప్పుడు మార్చుకునేలా బిగించాం. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు, లీటరుకు మిల్లీగ్రాముల్లో) కొలిచే మీటరు కుళాయి నీటికి 200 లోపే చూపిస్తుంది, బోరు నీటికి 1400 దాటుతుంది. తాగే నీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 వరకు మంచిది. వేరే దారి లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. అంటే కాలవ నీటిలో తీయాల్సింది ఉప్పు కాదు, బురదా క్రిములూ. 150 ఉన్న నీళ్లను ఆర్వోలో పెట్టి 15కి దింపితే చప్పగా ఉంటాయి, పైగా వచ్చిన నీటికంటే ఎక్కువే డ్రైనేజీ పాలు.

గొడవంతా కాలాన్ని బట్టి వస్తుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతల వేళకి కాలవలు కట్టేస్తే జూన్ దాకా మంచినీటి చెరువే ఆధారం. నీళ్లు పాకుడు పచ్చగా తిరిగి, నీచు వాసన వస్తాయి. పంచాయతీ వాళ్లు బ్లీచింగ్ ఎక్కువ వేస్తారు. ఆ క్లోరిన్ మెంబ్రేను పొరను తినేస్తుంది. దానికి అడ్డం పడేది కార్బన్ ఒక్కటే. కార్బన్ మార్చకుండా నెట్టుకొస్తే పోయేది కార్బన్ కాదు, దానికి ఎన్నో రెట్లు ధర ఉండే మెంబ్రేను. అందుకే మార్చిలో కార్బన్ మార్చేస్తే వేసవి గట్టెక్కుతుంది. తర్వాత వరదలకు ఎర్రనీరు దిగుతుంది. అప్పుడు తెల్లటి స్పన్ క్యాండిలు రోజుల్లోనే ఇటుక రంగుకు తిరిగి, పంపు మూలుగుతూ నీళ్లు సన్నగా వస్తాయి. చాలామంది పంపు పోయిందనుకుని మార్పిస్తారు. ముందు గిన్నె విప్పి క్యాండిలు చూడండి. దాన్ని కడిగి మళ్లీ పెడితే పైపైన తెల్లబడుతుంది గానీ లోపలి పొరల్లో మట్టి అలాగే ఉంటుంది. కొత్తది వేయడమే మేలు. ఎర్రనీటి రోజుల్లో బిందెలో పటిక నాలుగు చుట్లు తిప్పి, రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే పైనీరు వంచి పోసుకుంటే క్యాండిలు ఎక్కువ రోజులు నిలుస్తుంది. పటిక ఎక్కువైతే నీరు వగరెక్కుతుంది. అడుగు మడ్డి మిషనులో పోయకూడదు.

ఇక అందరినీ బోల్తా కొట్టించేది టీడీఎస్ కంట్రోలరు అనే చిన్న మర. దాన్ని తిప్పితే మెంబ్రేను దాటి రాని నీళ్లు కొన్ని శుద్ధి నీటిలో కలుస్తాయి. రుచి బావుంటుందనీ ధార పెరుగుతుందనీ మెకానిక్కు దాన్ని తెరిచిపెట్టి వెళ్తాడు. ఉప్పు బోరుకి ఇది పూర్తిగా తప్పు. కట్టేసి ఉంచాలి. మెంబ్రేను పరీక్ష కూడా ఆ మర కట్టేశాకే చేయాలి. లోపలికి వెళ్లే నీరు 1400, బయటికి వచ్చేది 110 ఉంటే మెంబ్రేను బాగున్నట్టు. 300 దాటితే మార్చే సమయం దగ్గరపడింది. మిషను రాత్రంతా ఆగి ఉంటే పొద్దున్న వచ్చే మొదటి గ్లాసులో టీడీఎస్ ఎక్కువే చూపిస్తుంది, ఆ నీళ్లు పారబోసి తర్వాతవి కొలవండి.

మెంబ్రేను మార్చేటప్పుడు పక్కనే నిలబడండి. కొత్తది సీలు పాకెట్టులో పొడిగా, తేలిగ్గా ఉంటుంది. తడిగా, బరువుగా ఉంటే ఎక్కడో వాడి కడిగిందని అనుమానించాల్సిందే. రెండు చిన్న రబ్బరు రింగులున్న కొస ముందు లోపలికి వెళ్లాలి. రింగు మడతపడితే ఉప్పునీరు పక్కనుంచి దూరి, మెంబ్రేను కొత్తదైనా టీడీఎస్ తగ్గదు. మొదటి రెండు ట్యాంకుల నీళ్లు తాగకుండా వదిలేయాలి. వ్యర్థజలం గొట్టానికి ఉండే ఫ్లో రెస్ట్రిక్టరు మీద 300, 450 అని అంకె ఉంటుంది. నిమిషానికి అన్ని మిల్లీలీటర్ల వ్యర్థజలం పోతుందని దానర్థం. ఉప్పు బోరుకి 450 నప్పుతుంది. నీళ్లు పొదుపని 300 వేయిస్తే మెంబ్రేను మీద సున్నం త్వరగా పేరుకుంటుంది.

యూవీ నీలం దీపం వెలుగుతుంటే క్రిములు చస్తున్నాయనుకోవద్దు. ఏళ్లు గడిస్తే దీపం వెలుగుతూనే ఉంటుంది, పని మాత్రం తగ్గిపోతుంది. టీడీఎస్ మీటరు కూడా క్రిముల్ని చూపించదు. అనుమానముంటే హెచ్2ఎస్ సీసాలో (మురుగు క్రిములను పట్టే పరీక్ష సీసా) గీత దాకా నీరు పట్టి, గది వేడిలో 24 నుంచి 48 గంటలు ఉంచండి. నీరు నల్లబడితే ఎక్కడో మురుగు కలుస్తున్నట్టు.

వంటింట్లో తేడా కందిపప్పు దగ్గర తెలుస్తుంది. బోరు నీటిలోని కాల్షియం పప్పులోని పెక్టిన్‌ని గట్టిపరుస్తుంది, ఎన్ని విజిల్సు వచ్చినా పలుకు పోదు. నానబెట్టడానికీ ఉడకడానికీ కూడా ఫిల్టరు నీళ్లే వాడాలి. గ్లాసు పప్పుకి మూడు గ్లాసులు, అరగంట నాననిస్తే చాలు. చిటికెడు వంటసోడా వేస్తే ఉడుకుతుంది గానీ బి1 విటమిన్ పోతుంది. అన్నం పసుపుపచ్చగా రావడం, టీ మీద మీగడలా తెట్టు కట్టడం కూడా బోరు నీటి చలవే. కాచితే క్రిములు చస్తాయి, ఉప్పు మాత్రం పోదు. విరేచనాలకి ఆశా కార్యకర్త ఇచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్టుని సరిగ్గా లీటరు నీటిలో కలపాలి. ఉప్పు బోరు నీటిలో కలిపితే సోడియం పెరిగిపోతుంది.

వ్యర్థజలం కాలవ నీటిదైతే గిన్నెలకీ మొక్కలకీ వాడుకోవచ్చు. బోరుదైతే బాత్రూముకే. కొబ్బరి తట్టుకుంటుంది, మల్లె, కరివేపాకు మాత్రం ఆకు చివర్లు మాడిపోతాయి.

టిన్ను నీళ్లు తెప్పించుకునేవాళ్లకీ ఒక మాట: టీడీఎస్ మీటరుతో రెండు వేర్వేరు రోజుల టిన్నులు కొలిచి, రెండూ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఏడాది సర్వీసు కాంట్రాక్టు మీద నాకు గురి లేదు. ఒక కంపెనీ వాళ్లు ఏటా డబ్బు కట్టించుకుని, ఎర్రనీరు దిగిన వారంలో ఫోనే ఎత్తరు. స్పన్ క్యాండిళ్లు నాలుగు, గిన్నె విప్పే పానా, టెఫ్లాన్ టేపు ఇంట్లో పెట్టుకుంటే ఏడాదిలో సగం పనులకి ఎవరినీ పిలవక్కర్లేదు.