సువాన్‌లో బస, యోంగిన్‌లో టీవీల తోట

సియోల్ వెళ్లినవాళ్లు రాజప్రాసాదాలు, షాపింగ్ చూసుకుని వచ్చేస్తారు. వీడియో ఆర్ట్ (టీవీలు, వీడియోలతో చేసే కళ) మీద కాస్తయినా ఇష్టం ఉంటే సియోల్ దగ్గర్లోనే ఉన్న ఊళ్లకి, ఒక రోజు యోంగిన్‌కి, ఒక పూట గ్వాచన్‌కి పెట్టుకోండి. రెండు చోట్లా చూసేది వీడియో ఆర్ట్ కళాకారుడు నామ్ జూన్ పైక్ పనుల్నే. ఒక్కచోటికే వీలుంటే మాత్రం యోంగిన్‌కే నా ఓటు.

పైక్ 1932లో సియోల్‌లో పుట్టాడు. సంగీతం చదివి టీవీల మీద పడ్డాడు. షుయా అబే అనే జపాన్ ఇంజనీరుతో కలిసి 1969-70లో వీడియో సింథసైజర్ తయారుచేశాడు. కంప్యూటర్ ఊసే లేదు, అంతా అనలాగ్ సర్క్యూట్లే. బ్లాక్ అండ్ వైట్ కెమెరాల సిగ్నళ్లకి తలో రంగు పూసి, ఒకదాని మీద ఒకటి కలిపేస్తుంది. నాబ్ తిప్పితే బొమ్మ అక్కడికక్కడే మారిపోతుంది. 1970 ఆగస్టు 1న బోస్టన్‌లో డబ్ల్యూజీబీహెచ్ ఛానల్ దీంతో నాలుగు గంటలు లైవ్ నడిపింది. ఇప్పుడు ఫోన్లో ఫిల్టర్ నొక్కే మనకి ఆ తెగింపు అర్థం కావడం కష్టమే.

మేం బస సియోల్‌లో కాకుండా సువాన్‌లో పెట్టుకున్నాం. సువాన్ స్టేషన్ నుంచి సూయిన్-బుందాంగ్ లైన్ ఎక్కితే నేరుగా యోంగిన్‌లోని గిహుంగ్ స్టేషన్, మధ్యలో మారే పని లేదు. గెస్ట్‌హౌస్‌లో గది చిన్నదే కానీ నేల వెచ్చగా ఉండి, చలిలో హాయిగా నిద్రపట్టింది. రిసెప్షన్‌లో మనిషే ఉండరు. తలుపు కోడ్ కొరియన్ మెసేజ్‌లో వస్తుంది. రాత్రిపూట సామాన్లతో వీధిలో నిలబడి దాన్ని అనువాదం చేసుకోవడం టెన్షనే. దారికి గూగుల్ మ్యాప్స్ కన్నా నేవర్ మ్యాప్ నయం. టీ-మనీ కార్డు ఒకటి ఉంటే బస్సుకీ మెట్రోకీ చాలు.

నామ్ జూన్ పైక్ ఆర్ట్ సెంటర్ ఉన్న రోడ్డుకి కూడా ఆయన పేరే. 2008లో తెరిచారు. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. ప్రదర్శనలు మారుతుంటాయి కాబట్టి ముందు వెబ్‌సైట్ చూసుకోండి. మాకు 'టీవీ గార్డెన్' దొరికింది. మసక గదిలో గుబురు మొక్కలు, వాటి మధ్య వెల్లకిలా పడుకోబెట్టిన టీవీలు. వాటిలో ఆడేది పైక్ 1973 నాటి వీడియో 'గ్లోబల్ గ్రూవ్', ఆ సింథసైజర్ రంగులు కూడా అందులోనే. తెర మీద రంగు మారినప్పుడల్లా ఆకు అడుగుభాగం ఒకసారి గులాబీగా, ఒకసారి నీలంగా అయిపోతుంది. మేం తెరల్ని వదిలేసి ఆకుల్నే చూస్తూ ఉండిపోయాం.

'పార్టిసిపేషన్ టీవీ' దగ్గర మైకు ఉంటుంది. మన గొంతుకి తగ్గట్టు తెర మీద రంగుగీతలు ఉబ్బుతాయి. మావాడు "ఒరేయ్!" అని అరిస్తే తెరంతా గీతలు చిందరవందర. వెనకున్న కొరియన్ పిల్లలు కూడా అదే మాట నేర్చుకుని అరిచారు. సిబ్బంది ఎవరూ ఏమీ అనలేదు.

గ్వాచన్ సంగతి వేరు. అక్కడి ఆధునిక కళల మ్యూజియంలో పైక్ 1988లో నిలిపిన టీవీల టవర్ 'దదాయిక్సన్' (ఎంత ఎక్కువైతే అంత మంచిది అని అర్థం) ఉంది. 18.5 మీటర్ల ఎత్తు, 1003 టీవీలు, కొరియా జాతి అవతరణ దినం అక్టోబర్ 3కి గుర్తుగా. టీవీలు పాడైపోవడంతో 2018లో ఆపేసి, 2022లో మళ్లీ వెలిగించారు. 737 పిక్చర్ ట్యూబ్ టీవీల్ని బాగుచేయడమో మార్చడమో చేశారు, పైనున్న 266 చిన్నవాటికి మాత్రం ఎల్‌సీడీలు పెట్టక తప్పలేదు. కింద నుంచి చూస్తే తేడా తెలియదు. టవర్ మొత్తం చూడాలంటే చుట్టూ ఉన్న ర్యాంప్ ఎక్కాలి. వీల్‌చైర్‌లో పెద్దవాళ్లుంటే అదే మేలు. అయితే అది రోజంతా వెలగదు, టైమింగ్స్ కనుక్కోకుండా వెళ్తే గుడిగోపురం లాంటి చీకటి టవరే మిగులుతుంది. లైన్ 4లో సియోల్ గ్రాండ్ పార్క్ స్టేషన్లో దిగాలి, అక్కడి నుంచి షటిల్ బస్సు ఉంటుంది.

పిల్లలతో వెళ్లేవాళ్లకి యోంగిన్‌లో ఇంకో లాభం, పక్కనే పిల్లల మ్యూజియం ఉంది. శాకాహారులు మాత్రం బిబింబాప్ (కూరగాయలు కలుపుకునే అన్నం) ఆర్డర్ ఇచ్చేటప్పుడే మాంసం, గుడ్డు వద్దని చెప్పాలి. కిమ్చీలో (ఊరబెట్టిన కూరగాయల్లో) సాధారణంగా చేపల సాస్ ఉంటుంది, అడిగి తినండి.