ప్రణాళికా సంఘమా, నీతి ఆయోగా: వెనుకబడిన జిల్లాకు ఏది మేలు?

విజయనగరంలో గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలకు ఆర్థికశాస్త్రం చెబుతున్నప్పటి నుంచి నన్ను అన్నిటికంటే ఎక్కువగా వెంటాడిన ప్రశ్న ఇది. రెండింటి పోలికలూ తేడాలూ వారికి కంఠతా వచ్చు. ప్రణాళికా సంఘం 1950 మార్చి 15న, దాని స్థానంలో నీతి ఆయోగ్ 2015 జనవరి 1న కేంద్ర మంత్రివర్గ తీర్మానంతో ఏర్పడ్డాయని, రెండింటికీ ప్రధానమంత్రే అధ్యక్షుడని, రెండింటి పేరూ రాజ్యాంగంలో లేదని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. "అవన్నీ సరే మాస్టారూ, మన జిల్లాకు ఏది కలిసొచ్చింది?" అన్నదే వారి సందేహం. కాబట్టి జవాబు కూడా జిల్లా వైపు నుంచే చెబుతాను.

నా దృష్టిలో తేల్చవలసిన విషయం ఒక్కటే: సలహా చెప్పే సంస్థ చేతిలో పైకం ఉందా, లేదా. ప్రణాళికా సంఘం చేతిలో ఉండేది. 1969లో వచ్చి, 1991లో మారిన గాడ్గిల్ సూత్రం ప్రకారం సాధారణ రాష్ట్రాలకు పంచే కేంద్ర సహాయంలో జనాభాకు 60 శాతం, తలసరి ఆదాయానికి 25 శాతం, పనితీరుకు ఏడున్నర, ప్రత్యేక సమస్యలకు ఏడున్నర శాతం ప్రాధాన్యం ఉండేది. ముఖ్యమంత్రులు ఏటా ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయమైన యోజనా భవన్‌కు వెళ్లి వార్షిక ప్రణాళికకు ఆమోదం తెచ్చుకోవలసి రావడం చాలామందికి చిన్నతనంగా తోచింది, ఆ మాటలో న్యాయమూ ఉంది. అయినా సూత్రం కాగితం మీద ఉన్నప్పుడు, మాకు ఇంత రావాలి, ఎందుకు రాలేదు అని నిలదీయడానికి ఒక ఆధారం ఉంటుంది.

నీతి ఆయోగ్‌కు ఆ అధికారం లేదు. పంపకం ఆర్థిక శాఖకూ, ఆయా మంత్రిత్వ శాఖలకూ పోయింది. దాని ఫలితం మనవాళ్లు దగ్గరగానే చూశారు. రాష్ట్ర విభజన తరువాత రాయలసీమ, ఉత్తరాంధ్రలోని ఏడు వెనుకబడిన జిల్లాలకు కేంద్రం నుంచి ఏడాదికి జిల్లాకు 50 కోట్ల చొప్పున మూడేళ్లలో 1,050 కోట్లు వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో నాలుగో విడతగా రాష్ట్ర ఖాతాలో పడిన 350 కోట్లు మాత్రం, పడినంత వేగంగానే వెనక్కి పోయాయి. ఇవ్వవలసిందని చెప్పే సంస్థ వేరు, ఇచ్చే చెయ్యి వేరు అయినప్పుడు ఎవరి గుమ్మం ముందు నిలబడి అడగాలో తెలియదు. పద్నాలుగో ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది కదా అని కొందరు అంటారు. అది రాష్ట్రానికి వచ్చిన వాటా, అందులో నుంచి వంశధార అవతలికి ఎంత చేరుతుందన్నది రాష్ట్ర ప్రభుత్వం ఇష్టం.

అలాగని నీతి ఆయోగ్‌ను తీసిపారేయను. పాత సంఘం లెక్కంతా ప్రధానంగా రాష్ట్రం పేరనే సాగేది. హైదరాబాదును కలుపుకొని కట్టిన ఉమ్మడి రాష్ట్ర తలసరి ఆదాయంలో సిక్కోలు (శ్రీకాకుళం) పేదరికం కలిసిపోయేది. 2018 జనవరిలో మొదలై, నీతి ఆయోగ్ నడిపే ఆకాంక్షిత (అంటే వెనుకబడిన) జిల్లాల కార్యక్రమం జిల్లానే కొలమానంగా తీసుకుంది. దేశంలో 112 జిల్లాలు, మన రాష్ట్రంలో అప్పటి విజయనగరం, విశాఖపట్నం, కడప. 49 సూచికలు, అందులో ఆరోగ్య పోషణలకు 30 శాతం, విద్యకు 30 శాతం ప్రాధాన్యం. ఈ అంకెలు ఎక్కడ పుడతాయో గుమ్మలక్ష్మీపురం దగ్గర ఒక కొండ ఊరిలో చూశాను. అంగన్‌వాడీ కార్యకర్త దూలానికి వేలాడదీసిన స్ప్రింగు తూకం సంచిలో ఏడాదిన్నర పాపను కూర్చోబెట్టింది. పాప ఏడుస్తూ కాళ్లు తన్నడంతో ముల్లు ఏడున్నరకూ ఎనిమిదికీ మధ్య ఊగింది. అది కుదుటపడేదాకా ఓపిక పట్టి, ఏడు కిలోల ఏడు వందలని రాసుకుంది. అలాంటి పాప బరువును ఈ కార్యక్రమం కింద ఢిల్లీ నెలనెలా అడుగుతుంది.

అయితే అడిగిన దానికే లెక్క ఉంటుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో మనుషులను తినేస్తున్న కిడ్నీ వ్యాధి ఆ 49 సూచికల్లో లేదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి కూలికి పట్నాలకు తరలిపోయే కుటుంబాల లెక్కా లేదు. ఈ పల్లెలున్న ఉద్దానం ప్రాంతం శ్రీకాకుళం జిల్లాది, ఆ జిల్లా అసలా జాబితాలోనే చేరలేదు.

  

రెండింటిలో ఒకటే కోరుకోమంటే నేను ఇప్పటికీ పాత సంఘం వైపే మొగ్గుతాను, లోపాలన్నీ తెలిసే. జిల్లాను చూసే చూపు నీతి ఆయోగ్‌దే మెరుగని ఒప్పుకుంటాను గానీ, ఆ చూపుకూ ఒక పరిమితి ఉంది. సీతంపేట కొండల పేదరికం, అప్పటి విజయనగరం జిల్లాలోని కురుపాం కొండల పేదరికానికి ఏమీ తీసిపోదు. అయినా 2018లో సీతంపేట శ్రీకాకుళం జిల్లాలో ఉన్నందుకు జాబితా బయట ఉండిపోయింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి, విజయనగరం హోదా దానికి బదిలీ అయినప్పుడు, జిల్లా గీత మారినందువల్ల లోపలికి వచ్చింది.