నా కాయిల్‌ని నేనే కొనుక్కున్న అరకు ప్రయాణం

అరకు బాగుంది. డిసెంబరు మొదటి వారానికి వలిసె పూలు ఇంకా పసుపు ఆరేసినట్టే ఉన్నాయి, బొర్రా గుహల్లో జనం తక్కువ, చలి మా అమ్మాయి కోరుకున్నంత ఉంది. అవన్నీ అందరూ రాస్తారు. నేను రాసేది నా జేబులోంచి 2,800 రూపాయలు ఎలా పోయాయో, వాటికి ఇంకో 500 ఎందుకు కలిపానో.

బండి నాన్నది. 1978 అంబాసిడర్, మార్క్ 3, 1489 సీసీ పెట్రోల్ ఇంజను. ఎక్కింది నేను, మా ఆవిడ, అమ్మాయి, బావమరిది. "బావా, ఇన్నోవా మాట్లాడేద్దాం" అని వాడు వారం ముందు నుంచీ పోరుతూనే ఉన్నాడు.

విశాఖ నుంచి ఎస్.కోట దాకా హాయిగా వెళ్లాం. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక బండి మిస్సింగ్ కొట్టడం మొదలెట్టింది. టైడా రాకుండానే దగ్గి దగ్గి ఆగిపోయింది. ఇరవై నిమిషాలు ఊరుకుని సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు లేచింది. మూడు మలుపులు తిరిగామో లేదో మళ్లీ అదే వరస.

వేడెక్కితే ఆగి, చల్లారితే లేచే పాత బండిలో ముందు పట్టుకోవాల్సిన దొంగలు ఇద్దరు. పంపు దగ్గర పెట్రోలు ఆవిరైపోవడం ఒకటి, మెకానిక్‌లు ఎయిర్ లాక్ అనేది దీన్నే. రెండోది కరెంటు. పంపు మీద తడిగుడ్డ కప్పాను, మారలేదు. కార్బురేటర్‌కి వెళ్లే పైపు ఊడదీసి సెల్ఫ్ కొట్టిస్తే సీసాలోకి పెట్రోలు చిమ్మింది. సరే, పెట్రోలు తప్పు లేదు. ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ నడుమ తీగ పీకి, ఇంజను బ్లాకుకి పావంగుళం దూరంలో కటింగ్ ప్లయర్‌తో పట్టుకున్నాను. టపటపా నీలంగా దూకాల్సిన నిప్పు పసుప్పచ్చగా, నీరసంగా గీతలా పాకింది.

అక్కడ ఇంకో అయిదు నిమిషాలు బుర్ర పెట్టి ఉంటే డబ్బు మిగిలేది. కానీ అప్పటికే మా ఆవిడ మాట్లాడటం మానేసింది. మా ఇంట్లో అంతకన్నా పెద్ద ప్రమాద ఘంటిక లేదు. దారిన పోయే ఆటో అతన్ని అడిగి కింద ఉన్న ఒక మెకానిక్‌కి ఫోన్ చేశాను. గంటన్నరకి వచ్చాడు. నిప్పు చూసి, "కాయిల్ పోయింది సార్, ఇంకేటి నేదు" అన్నాడు. బ్యాటరీ కరెంటుని ప్లగ్గులకి కావలసిన వేల వోల్టులకి పెంచే డబ్బా అది. కాయిల్‌కి 2,200, కొండెక్కి వచ్చినందుకు 600. పాతది "స్క్రాపే కదా సార్" అంటూ సంచిలో వేసుకున్నాడు. బండి మొదటి సెల్ఫ్‌కే లేచింది. లేవదా మరి, గంటన్నర చల్లారితే! ఆ సంగతి నాకు అనంతగిరిలో మళ్లీ ఆగిపోయాక గానీ తట్టలేదు. ఈసారి కొత్త కాయిల్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

సుంకరిమెట్ట దగ్గర ఆగినప్పుడు మాత్రం అదృష్టం బాగుంది. రోడ్డు పక్కన బొంగులో చికెన్, గొట్టం 350. మసాలా తక్కువ, పొగ వాసన ఎక్కువ. బావమరిది రెండు గొట్టాలు లాగించి, "బండి ఇక్కడే పాడవ్వాల్సింది బావా" అన్నాడు. ఆ ప్రయాణంలో వాడు అన్న మంచి మాట అదొక్కటే.

రాత్రి ఎనిమిదికి బస చేరాం. ఫోన్లో "వ్యాలీ వ్యూ" అని చెప్పి రాత్రికి 3,200 ముందే కట్టించుకున్నారు. కిటికీ తీస్తే కనపడే లోయ నల్లటి నీళ్ల ట్యాంకు. అదనపు దుప్పటి 100. వేడినీళ్లు పొద్దున్న ఆరు నుంచి ఏడున్నర దాకానే. మర్నాడు వాకబు చేస్తే స్టేషన్ వైపు 1,200కే శుభ్రమైన గదులున్నాయి. అరకులో గది కళ్లతో చూడకుండా పైసా కట్టకండి.

అయితే నన్ను గట్టెక్కించింది కూడా ఆ బసలో పనిచేసే ఎలక్ట్రీషియన్ కుర్రాడే. రాత్రి పదింటికి మల్టీమీటర్ పట్టుకొచ్చాడు. కాయిల్ కొలిస్తే ఒకటిన్నర ఓమ్. మా బండికి కావలసింది మూడు. మూడు ఓమ్‌లైతే 12 వోల్టులకి 4 ఆంపియర్లు పోతాయి, ఇందులో 8. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే కాయిల్ పొట్ట మీదే చిన్నక్షరాలు: కరెంటుని తగ్గించే రెసిస్టర్ బయట పెట్టి వాడాలట. అంటే వేరే బండి కాయిల్‌ని రెసిస్టర్ లేకుండా తగిలించి పోయాడు. కాయిల్ కరెంటుని కలుపుతూ తెంపుతూ ఉండే పాయింట్లు డిస్ట్రిబ్యూటర్‌లో ఉంటాయి, అవి అప్పటికే మాడి నీలం తిరిగాయి.

మరి మొదటి జబ్బేమిటి? డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కీ ఆన్ చేసి, పాయింట్లని స్క్రూడ్రైవర్‌తో విడదీస్తే మధ్యలో లావుపాటి మెరుపు. కండెన్సర్! పాయింట్లు విడిపోయేటప్పుడు అక్కడ నిప్పు దూకకుండా కరెంటుని మింగాల్సింది అదే. కాయిల్లో కరెంటు టక్కున తెగితేనే ప్లగ్గుకి వేల వోల్టులు పుడతాయి. మాది వేడెక్కగానే చేతులెత్తేస్తోంది, ప్లగ్గుకి చేరాల్సిన నిప్పు పాయింట్ల దగ్గరే కాలిపోతోంది. మెకానిక్‌కి ఫోన్ చేసి నా పాత కాయిల్ అడిగితే "పారేశాను సార్" అని పెట్టేశాడు.

పొద్దున్నే ఆ కుర్రాడు పాత పెట్రోల్ ఆటో కండెన్సర్ ఒకటి పట్టుకొచ్చాడు, 80 రూపాయలు. మాది ఊడదీసేసి, దీన్ని బయటే కాయిల్ పక్కన బాడీకి బిగించాం. ఒక కొస పాయింట్ల తీగ వచ్చే చోట కలిపితే చాలు. పాయింట్లు గీకి సందు సరిచేయడానికి, సందు కొలిచే రేకు, ఫీలర్ గేజ్ లేదు. కావలసింది 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, దాదాపు మంచి విజిటింగ్ కార్డు మందం. బస వాళ్ల కార్డే వాడాను, బంగారు అక్షరాలతో "వ్యాలీ వ్యూ" అని ఉంది. ఆ 3,200కి నాకు దక్కిన వ్యూ అదే. రెసిస్టర్ బదులు 55 వాట్ల హెడ్‌లైట్ బల్బుని కాయిల్‌కి వరసలో కలిపి, పెట్రోలు గొట్టాలకి దూరంగా కట్టాం. అది బండి కదిలించడానికే తప్ప కాపురం చేయడానికి కాదు. ఆ కుర్రాడు డబ్బు వద్దంటే బలవంతాన 500 పెట్టాను.

మ్యూజియం, పద్మాపురం తోటలు, చాపరాయి చూసి మర్నాడు దిగాం. ఘాట్ అంతా బానెట్ కింద బల్బు మసగ్గా వెలుగుతూనే ఉంది, బండి ఒక్కసారీ ఆగలేదు.

కింద మెకానిక్ షాపు ముందు ఆపాను. బల్ల మీద నాలుగైదు కాయిళ్లు. ఒకదాని అడుగున మేకుతో గీసిన అక్షరాలు: "మార్చి 94". ఏ సామాను మార్చినా నాన్న అలా తేదీ గీసేవాడు.

"ఇది నాదే" అన్నాను.

"ఏటి సార్, కాయిళ్లన్నీ ఒకలాగే ఉంటాయి."

గీత చూపించాను. తల గోక్కున్నాడు. "అయితే ఐదొందలిచ్చి పట్టుకెళ్లండి. వాడేసిన కరెంటు సామాను మాత్రం వాపసు తీసుకోను."

నేను గొంతు పెంచేలోపు మా ఆవిడ కారు దిగింది. "ఇచ్చేయండి, మావయ్యగారి చేతిరాత" అంది. రెండు రోజుల్లో ఆ బండి గురించి ఆమె మాట్లాడటం అదే మొదలు. ఇచ్చేశాను. బల్బు పీకి, కాయిల్ అక్కడే బిగించుకున్నాను. స్పానర్ మాత్రం ఊరికే ఇచ్చాడు.