జెరూసలేంలో మేనల్లుడి బార్ మిత్స్వా: చోటు దొరికింది, ఫోటోగ్రాఫరే ముంచాడు

214 ఫోటోలు. అందులో మా అమ్మ ఉన్నవి మూడు. ఆ మూడింటిలోనూ సగం ముఖమే. దీనికి మేము పోసింది 2,600 షెకెళ్లు (ఇజ్రాయెల్ డబ్బు). ఆ కడుపుమంటతోనే ఇది రాస్తున్నాను.

మా తమ్ముడి భార్య యూదుల అమ్మాయి. వాళ్లబ్బాయికి 13 ఏళ్లు నిండాయి. ఆ వయసుకు పిల్లవాడు అందరి ఎదుట తోరా, అంటే వాళ్ల పవిత్ర గ్రంథం, చదువుతాడు, ఇక ధర్మం తప్పినా నిలబెట్టినా బాధ్యత వాడిదే. బార్ మిత్స్వా అంటే ఇదే. మన ఒడుగు లాంటిదని అమ్మకు చెప్పాం. బంధువులు శనివారం పెట్టుకుందామన్నారు. కానీ పశ్చిమ గోడ (యూదుల పురాతన ఆలయ ప్రాంగణంలో మిగిలిన గోడ) దగ్గర ఆ రోజు ఫోటోలు తీయనివ్వరు. సోమ, గురువారాల్లోనూ తోరా చదువుతారని మరదలు చెప్పడంతో గురువారం ఖాయం చేశాం.

ఎడారిలోని మసాడా కోట మీద చేద్దామని తమ్ముడికి ఉండేది. ఆ ఎండ, అమ్మ మోకాళ్లు తలచుకుని మానుకున్నాడు.

సోమవారం గోడ దగ్గరికి వెళ్లి చూశాం. డోళ్లు, కొమ్ముబూరలు, బోలెడు సందడి. కానీ మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, మధ్యలో అడ్డుతెర. తల్లులు ప్లాస్టిక్ కుర్చీలెక్కి మెడలు చాచి చూస్తున్నారు. "ఇంత దూరం వచ్చి నా మనవణ్ణి తొంగి చూడాలా?" అంది అమ్మ. సాయంత్రం వరకు ఎవరితోనూ మాట్లాడలేదు.

అదే గోడకు దక్షిణం వైపు, రాబిన్సన్ కమాను అనే పాత కట్టడపు శిథిలం దగ్గర, ఆడా మగా కలిసి నిలబడే చోటు ఉంది. మెట్లు దిగాలి, అమ్మ నా భుజం పట్టుకుని దిగింది. క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని ధ్వంసం చేసినప్పుడు పైనుంచి పడిన బండలు అక్కడ ఇప్పటికీ గుట్టగా ఉన్నాయి. రద్దీ లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు మరో ఆలోచన లేకుండా ఇక్కడే పెట్టుకోండి.

కోషర్ (యూదుల ఆహార నియమాలు) పద్ధతిలో మాంసం వడ్డించే చోట పెరుగు ఉండదు. పెరుగు లేనిదే అమ్మకు ముద్ద దిగదు. అందుకని పాల వంటకాల హోటలు చూసుకున్నాం, మనిషికి 95 షెకెళ్లు. లబ్నెలో (అక్కడి గట్టి పెరుగు) అన్నం కలుపుకుని అమ్మ తృప్తిగా తింది.

ఇక ఫోటోగ్రాఫర్. చూపించిన పాత ఫోటోలు అద్భుతం. 1,300 బయానా తీసుకుని, తాను రాకుండా ఒక కుర్రవాణ్ణి పంపాడు. అతను మమ్మల్ని 40 నిమిషాలు నిలబెట్టి వచ్చి, డోలు వాయించేవాడికే 60 ఫోటోలు తీశాడు. తోరా రాసిన తోలుపత్రాన్ని చేత్తో తాకకూడదు. చూపుడువేలు చాచిన చిన్న చెయ్యి ఉన్న వెండి కడ్డీని వరుస వెంట జరుపుతూ మేనల్లుడు చదివాడు. ఒకచోట గొంతు వణికింది. అర్థం తెలియకపోయినా అమ్మ పెదవులు కదుపుతూనే ఉంది. కుర్రవాడు అప్పుడు బండ మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. చదవడం అవగానే మిఠాయిలు విసరడం వాళ్ల ఆచారం. అమ్మ అక్షింతలు వేసినట్టే వేసింది. అదీ తీయలేదు.

ఫోటోగ్రాఫర్‌ని అడిగితే, "మా మనిషి వచ్చాడు కదా" అన్నాడు. పైసా వెనక్కి రాలేదు. ఎవరు వస్తారో పేరుతో రాయించుకోండి. ఏరిన ఫోటోలు కాదు, ఒక వేడుక ఆల్బమ్ మొత్తం చూపమనండి. నాన్నమ్మ ఎవరో, అమ్మమ్మ ఎవరో ముందే చూపించండి.

తమ్ముడి స్నేహితుడి కూతురు ఫోనులో తీసింది ఒకటి దొరికింది. అమ్మ చెయ్యి గాలిలో ఉంది, వేళ్ల నుంచి పసుపు మిఠాయి జారుతోంది, ఎదురుగా మనవడు తల వంచి నవ్వుతున్నాడు. దాన్నే పెద్దది చేయించి విజయవాడలో అమ్మ గదిలో పెట్టాం.