ఏడేళ్ల పాయిన్‌సెట్టియా: చీకటి చూసుకుని నాటవలసిన పొద

హనుమకొండలోని మా పెరట్లో పాయిన్‌సెట్టియాను ఏడేళ్లుగా పెంచుతున్నాను. కార్తీకం చివర మొదలై సంక్రాంతి దాటేదాకా ఇంత గాఢమైన ఎరుపుతో నిలిచే పొదను మా వాడలో మరొకదాన్ని నేను చూడలేదు. మొదట నర్సరీలో కొన్న పొట్టి కుండీ మొక్క మే ఎండలకు మాడిపోయింది. ఇప్పుడున్నది పక్కింటి పెద్దమ్మ ఇచ్చిన జానెడు కొమ్మ. కోసినచోట కారిన పాలు ఆరేదాకా నీడన ఉంచి, ఎర్రమట్టిలో ఇసుక, పశువుల ఎరువు కలిపి నాటితే, నేడు ఆరడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల వెడల్పుకు పరుచుకుంది.

ఎర్రగా కనిపించేవి పూరేకులు కావు, కొమ్మ చివరి ఆకులే. అసలు పూలు వాటి నడుమ పచ్చని గింజల్లా ఉంటాయి. ఒక్కొక్కదాని పక్కన పసుపురంగు పెదవి వంటి గిన్నె, అందులో తేనెబొట్టు, దాని చుట్టూ ఉదయం నుంచే చీమలు.

నాలుగో ఏట మా ప్రహరీ పక్క స్తంభానికి వీధి దీపం వచ్చింది. ఆ ఏడాది ఇంటివైపు సగం యథాప్రకారం ఎర్రబడగా, వీధివైపు సగం జనవరిలోనూ పచ్చగానే ఉండిపోయింది. సెప్టెంబరు చివరి నుంచి రాత్రులు 12 గంటలు మించి, ఆ చీకటి కొన్ని వారాలపాటు మధ్యలో తెగకుండా సాగితేనే ఈ మొక్క మొగ్గ తొడిగి రంగు మారుతుంది. ఎరువు ఎంత వేసినా ఆ లోటు తీరదు. గోడమీద రేకు నిలబెట్టి వెలుగును అడ్డుకున్నాక మరుసటి ఏడు పొదంతా ఎర్రబడింది.

లోపాలూ ఉన్నాయి. ఎండాకాలంలో ఆకు రాలి బోసిగా కనిపిస్తుంది. పిండినల్లి తరచూ పడుతుంది. వేపనూనె పిచికారీతో అదుపులో ఉంటోంది. మొదట్లో నీరు నిలిచి ఒక వానాకాలంలో సగం వేళ్లు కుళ్లాయి, మట్టి ఎత్తు చేశాకే కోలుకుంది. ఆముదం కుటుంబానికి చెందిన మొక్క కనుక కొమ్మ విరిస్తే పాలు కారి చర్మం మండుతుంది, చేతికి తొడుగు తప్పనిసరి.

ఉగాది తర్వాత మోకాలెత్తుకు కత్తిరిస్తే పక్క కొమ్మలు దట్టంగా వస్తాయి. ఆగస్టు దాటాక మాత్రం కత్తెర పెట్టరాదు. ఒకసారి దసరాకు పెరడు శుభ్రం చేస్తూ చివర్లు కోసేసి, ఆ ఏటి రంగు మొత్తం పోగొట్టుకున్నాను.

ఈ జూన్‌లో మరో మూడు కొమ్మలు నాటాను, మూడింటినీ ఏ దీపం వెలుగూ చేరని బావి వెనుక.