బామ్మ, పసిపిల్లలతో మలేసియాలో కారు ప్రయాణం: ఏ దారి, ఏ బస, ఏ మెట్లు వద్దు

బెజవాడ, గుంటూరు వైపు నుంచి పిల్లల్నీ, ఇంట్లో పెద్దావిడనీ వెంటబెట్టుకుని విదేశంలో సొంతంగా కారు నడపాలనుకునేవాళ్లు ముందుగా మలేసియా పడమటి తీరాన్ని చూడాలి. మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగు కుడివైపే ఉంటుంది. కౌలాలంపూర్ నుంచి ఇపో దాదాపు 200 కిలోమీటర్లు, పెనాంగ్ 350. రోడ్డు బాగుందని ఈ 350 ఒక్క రోజులో లాగేయకండి. ఇపోలో రెండు రాత్రులు ఆగితే అందరికీ నడుము నిలుస్తుంది.

మన లైసెన్సు మీద రవాణా కార్యాలయం ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కు ఏడాది గడువు. ఒరిజినల్ లైసెన్సు కూడా వెంట ఉండాలి. భారతీయులకు 30 రోజుల వరకు వీసా మినహాయింపును 2026 చివరి వరకు పొడిగించారు. అయితే డిజిటల్ అరైవల్ కార్డు చంటిబిడ్డతో సహా ప్రతి ఒక్కరికీ విడివిడిగా, ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి. అది ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికి పోవద్దు. హైదరాబాద్ నుంచి ఎక్కేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గరే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్లోకి పోకుండా శంషాబాద్ చేరతారు. బామ్మకు వీల్‌చైర్ టికెట్టు తీసుకున్నప్పుడే రాయించాలి. అక్కడికెళ్లి అడుగుదాంలే అనుకుంటే ఆలస్యమవుతుంది. బీపీ, షుగర్ మాత్రలు స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. బీమా తీసుకునేటప్పుడు ఆవిడకు ముందునుంచీ ఉన్న జబ్బులు దాచకుండా రాయండి. దాస్తే క్లెయిము రాదు.

కౌలాలంపూర్‌లో ఉన్నన్నాళ్లూ కారు వద్దు. రాత్రంతా విమానంలో కూర్చుని పొద్దున దిగి, నిద్రకళ్లతో కొత్త ఊళ్లో స్టీరింగు పట్టుకోవడం ప్రమాదం. పైగా పార్కింగ్ ఖర్చు దండగ. ఊళ్లో ఫోన్ యాప్‌తో గ్రాబ్ టాక్సీ పిలుచుకుని, ఊరు వదిలే రోజున కారు తీసుకోండి. డిపాజిట్‌కు చాలాచోట్ల క్రెడిట్ కార్డే అడుగుతారు, అదీ డ్రైవరు పేరు మీద ఉన్నదే.

కారు ఎంపికలోనే ఎక్కువమంది లెక్క తప్పుతుంది. భార్యాభర్తలు, బామ్మ, ఇద్దరు పిల్లలు, మొత్తం ఐదుగురే కదా అని ఐదు సీట్ల బండి తీసుకుంటారు. 2020 జనవరి 1 నుంచి అక్కడ చైల్డ్ సీటు తప్పనిసరి. వెనక రెండు చైల్డ్ సీట్లు బిగించాక మధ్యలో మిగిలే జాగాలో పెద్దవాళ్లు కూర్చోలేరు. ఏడు సీట్ల పెరోడువా ఆల్జా లాంటిది తీసుకుంటే, మధ్య వరుసలో రెండు చైల్డ్ సీట్లూ బిగించి తల్లిని వెనక కూర్చోబెడదామనిపిస్తుంది. కానీ చైల్డ్ సీటు బిగించి ఉన్న సీటు ముందుకు వంగదు, వెనక వరుసలోకి దారి మూసుకుపోతుంది. అందుకని బామ్మ ముందు సీట్లో, చంటిబిడ్డ సీటు మధ్య వరుసలో ఒక చివర, తల్లి రెండో చివర, బూస్టర్ (ఎత్తు పెంచే పిల్లల సీటు) వయసు పిల్ల వెనక వరుసలో తల్లి వైపు. తల్లి సీటు వంచితే పిల్ల ఎక్కుతుంది. వెనక రెండో సగం మడిచి సామాను పెట్టాలి. రెండు పెద్ద సూట్‌కేసులకు మించి తీసుకెళ్లొద్దు. చైల్డ్ సీటు బెల్టు గట్టిగా బిగుస్తుందో లేదో కౌంటరు దగ్గరే లాగి చూడండి, బండి చుట్టూ వీడియో తీసుకోండి.

టోల్ గేట్లలో నగదు తీసుకోరు. టచ్ అండ్ గో కార్డు ఉండాలి. ఎక్కేచోట తాకించిన కార్డే దిగేచోటా తాకించాలి. బ్యాలెన్సు పెట్రోలు బంకుల్లో వేయించుకోవచ్చు. బోర్డుల మీద ఉతారా అంటే ఉత్తరం, సెలాతన్ దక్షిణం, కెలువార్ బయటికి దారి, తండాస్ మరుగుదొడ్డి. హైవే పక్క విశ్రాంతి ప్రాంగణాలే ఈ దేశపు గొప్ప సౌకర్యం. తిండి, నీడ, మరుగుదొడ్లు అన్నీ ఒకేచోట. కూర్చునే కమోడ్ కావాలంటే ఓకేయూ (అంటే వికలాంగులది) అని రాసి ఉన్న తలుపు చూడండి. మధ్యాహ్నం దాటాక ఉరుముల వాన ముంచుకొస్తుంది. అప్పుడు మోటారు సైకిళ్లవాళ్లు వంతెనల కింద ఎడమ అంచున ఆగి ఉంటారు, అటు జరగకండి.

చల్లటి కొండ ప్రాంతం కామెరాన్ హైలాండ్స్‌కు తాపా నుంచి దగ్గరి దారి ఉంది కానీ మెలికల మీద మెలికలు, ఇరుకు. పిల్లలకు వాంతులు ఖాయం. ఇపోకి దక్షిణాన ఉన్న సింపాంగ్ పులాయ్ దారి కాస్త చుట్టు, అయినా వెడల్పు, మలుపులు సాఫీ. పోవడం, రావడం రెండూ దాని మీదే పెట్టుకోండి. శనాదివారాలు మాత్రం ఎక్కొద్దు. బ్రిన్‌చాంగ్ దగ్గర బళ్లు కదలవు. తోటల్లోకి వెళ్లే దారులు ఒక్క బండి పట్టేంతే. రాత్రి చలికి బామ్మకు స్వెటరు, మేజోళ్లు కావాలి.

బాటూ కేవ్స్ గుడికి 272 మెట్లు. మంగళగిరి కొండ ఆగి ఆగి ఎక్కేవాళ్లయినా ఇక్కడ వద్దు. మెట్లు నిటారు, నీడ లేదు, కోతులు చేతిలోది లాక్కుంటాయి. కిందనుంచే 42.7 మీటర్ల సుబ్రహ్మణ్యస్వామి విగ్రహం కళ్లారా కనిపిస్తుంది, పక్కన రామాయణ గుహ కూడా ఉంది. పెనాంగ్‌లో కెక్ లోక్ సీ ఆలయానికి వాలు లిఫ్టు, పెనాంగ్ హిల్‌కు కొండ రైలు ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లకు నా ఓటు వీటికే. జార్జ్‌టౌన్ పాత వీధులు అందమైనవే గానీ దుకాణాల ముందు నడవలు ఒక్కోటి ఒక్కో ఎత్తు. చంటిబిడ్డ తోపుడు బండి, వీల్‌చైర్ అడుగడుగునా ఎత్తాల్సిందే. పొద్దున్నే గంటసేపు చూసి వచ్చేయండి.

బసకు పాత షాప్‌హౌస్ (కింద దుకాణం, పైన ఇల్లుగా కట్టినవి) హోటళ్ల కన్నా లిఫ్టు, వంటగది, వాషింగ్ మెషీన్ ఉన్న అపార్టుమెంటు మేలు. హోటళ్లలో విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్లు పర్యాటక పన్ను విడిగా కట్టాలి. పెనాంగ్‌లో బాటూ ఫెరింగీ తీరాన ఉంటే పిల్లల్ని ఈతకొలనులోనే ఆడించండి. ఆ సముద్రంలో జెల్లీచేపలుంటాయి.

శాకాహారులైన పెద్దవాళ్లకు ఒక జాగ్రత్త. కూరగాయల వేపుడులో కూడా రొయ్యల ముద్ద, సంబల్ అనే మిరప పచ్చడిలో ఎండు నెత్తళ్లు వేస్తారు. అరిటాకు భోజనం పెట్టే భారతీయ హోటళ్లలోనూ ఏ గిన్నెలో ఏముందో అడిగాకే వడ్డించుకోండి. ఆవకాయ, కారప్పొడి చెక్-ఇన్ సామానులో గట్టిగా కట్టుకెళ్తే, రాత్రిపూట గదిలో అన్నం వండుకుని ఆవిడకు కలిపి పెట్టొచ్చు.